డ్రయ్యర్ వెనకాల గొట్టం

మనలో చాలామందికి డ్రయ్యర్ అంటే సెమీ ఆటోమేటిక్ మెషిన్‌లో పక్కనుండే రెండో గిన్నె. "డ్రయ్యర్‌లో తిప్పేశాను, ఇక ఆరేయడమే" అంటాం. ఆ మాటలోనే తెలిసిపోతోంది కదా, అది ఆరబెట్టేది కాదు, పిండేది. గిర్రున తిరిగి నీళ్ళని విసిరికొడుతుంది, ఆ నీళ్ళు కింది పైపులోంచి తూములోకి పోతాయి. మిగతా తడి సంగతి దండెమూ ఎండా చూసుకుంటాయి.

అమెరికాలో ఉన్న మన పిల్లల ఇళ్ళలో డ్రయ్యర్ వేరే జాతిది. ఎండ చేసే పని కూడా అదే చేస్తుంది. లోపల గాలిని కరెంటుతోనో గ్యాస్‌తోనో వేడి చేసి, దొర్లుతున్న బట్టల మధ్యనుంచి లాగుతుంది. మెషిన్ పిండిన తర్వాత కూడా ఒక వాయి బట్టల్లో రెండు మూడు లీటర్ల నీళ్ళు ఉంటాయి. గంటలోపు అవన్నీ ఆవిరైపోతాయి. మరి అంత ఆవిరి ఎక్కడికి పోవాలి? దానికోసమే మెషిన్ వెనకాల వెండి రంగు గొట్టం ఒకటి ఉంటుంది, గోడలోంచి బయటికి. కానుపుకని వెళ్ళిన అమ్మలు ఆ మెషిన్‌ని ఆరు నెలలు రోజూ వాడతారు కానీ, వెనక గొట్టం ఎంతమంది చూసుంటారు? డ్రయ్యర్ చరిత్ర చెప్పేవాళ్ళు కూడా ముందున్న తలుపు గురించి, బటన్ల గురించి చెప్పి ఊరుకుంటారు. నాకు మాత్రం చదువుతున్నకొద్దీ అసలు కథంతా ఆ గొట్టంలోనే ఉందనిపించింది.

మొదట్లో గొట్టం లేదు, నిప్పే ఉంది. 1800 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో పోషాన్ అనే ఆయన చిల్లులున్న పీపాలో తడిబట్టలు వేసి, మంట మీద చేత్తో తిప్పే ఏర్పాటు చేశాడని చెబుతారు. బట్టలు ఆరేవి, కానీ పొగ కంపు కొట్టేవి, మసి పట్టేది. ఖర్మ కాలితే అంటుకునేవి కూడా. దాదాపు వందేళ్ళ తర్వాత అమెరికాలోని ఒహాయోలో జార్జ్ శాంప్సన్ అనే నల్లజాతి ఆయన, పొయ్యికి దగ్గరగా బట్టలు వేలాడదీసుకునే చట్రం ఒకటి కనిపెట్టాడు. అవసరం లేనప్పుడు పక్కన పెట్టేయొచ్చు. దానికి 1892 జూన్ 7న పేటెంట్ వచ్చింది. మన పల్లెల్లో ముసురు పట్టినప్పుడు బాలింత గదిలో కుంపటి పక్కన పసిబట్టలు ఆరేసేవాళ్ళే, ఆ బాధే ఆయనదీను. చలిదేశంలో ఆ ముసురు ఆరు నెలలుంటుంది, అంతే తేడా.

ఇప్పుడు మనం చూసే డ్రయ్యర్‌కి మూలపురుషుడు రాస్ మూర్ అనే రైతుబిడ్డ. ఊరు నార్త్ డకోటాలో. అక్కడి చలికాలంలో తడిబట్ట తీగ మీద వేస్తే ఆరడం కాదు, అట్టలా బిగుసుకుపోతుంది. వాళ్ళమ్మ ఆ చలిలో బట్టలారేయడం చూడలేక, ఇంటి పక్క కొట్టంలో నూనె పొయ్యితో వేడయ్యే పీపా కట్టాడట. ఆ తర్వాత కరెంటుతో నడిచేది, గ్యాస్‌తో నడిచేది తయారు చేసుకుని, ఏళ్ళ తరబడి కంపెనీల చుట్టూ తిరిగాడు. చివరికి విస్కాన్సిన్ రాష్ట్రంలో టూ రివర్స్ అనే ఊళ్ళోని హామిల్టన్ కంపెనీ ఒప్పుకుంది. అదేం బట్టల మెషిన్ల కంపెనీ కాదు, అచ్చాఫీసులకి చెక్క అక్షరాలు, అరల బల్లలు చేసే కంపెనీ. బ్రూక్స్ స్టీవెన్స్ అనే డిజైనర్ ఆ మెషిన్‌ని చూసి, ఇదేదో మామూలు డబ్బాలా ఉంది, తలుపుకి అద్దం పెట్టండి, దుకాణంలో రంగురంగుల నిక్కర్లు వేసి తిప్పండి, జనం ఆగి చూస్తారు అన్నాడట. 1938లో అది బజారుకొచ్చింది. పేరు 'జూన్ డే'. వాళ్ళకి జూన్ అంటే హాయైన ఎండ, పిల్లగాలి. మనకి జూన్ అంటే మృగశిర కార్తె, అసలు బట్టలారని కాలం మొదలయ్యేదే అప్పుడు! పేరు మనవాళ్ళు పెట్టి ఉంటే ఏ 'మాఘమాసం' అనో పెట్టేవాళ్ళు.

అద్దం ముందుంది కాబట్టి అందరూ ముందే చూశారు. వెనకాల గొట్టం సంగతి ఎవరి పనీ కాకుండా పోయింది.

యుద్ధం అయ్యాక అమెరికాలో ఇళ్ళు వరసలు వరసలుగా లేచాయి. 1956లో 'లివ్ బెటర్ ఎలక్ట్రికల్లీ' అని పెద్ద ప్రచారం నడిచింది. తర్వాత దేశాధ్యక్షుడైన రోనాల్డ్ రీగన్ టీవీలో తన ఇంట్లోని కరెంటు వస్తువులు చూపించింది ఆ రోజుల్లోనే. డ్రయ్యర్ కొనుక్కోవడం ఆధునికత, వెనక పెరట్లో తీగ కట్టుకోవడం లేనితనం అయిపోయింది. పోనుపోను కొన్ని కాలనీల్లో బయట బట్టలారేయడమే నిషేధించారు, ఇళ్ళ ధరలు పడిపోతాయని! నాకైతే నవ్వొచ్చింది. తర్వాత కొన్ని రాష్ట్రాలు దండెం కట్టుకునే హక్కు కోసం చట్టాలే చేసుకోవాల్సి వచ్చింది. 2009లో వెర్మాంట్, 2015లో కాలిఫోర్నియా ఆ పని చేశాయి. చీర ఆరేసుకోవడానికి అసెంబ్లీలో బిల్లు పెట్టాలంటే మా అమ్మమ్మ నమ్మేది కాదు.

ఈలోగా ఇళ్ళ లోపల ఒక మార్పు జరిగింది. మొదట్లో బట్టల మెషిన్లు కింద బేస్‌మెంట్‌లోనో, వెనక గోడకి ఆనుకునో ఉండేవి. గోడకి చిల్లు పెడితే చాలు, గొట్టం బయటపడేది. తర్వాత ఆడవాళ్ళకి మెట్లెక్కి దిగే బాధ తప్పించాలని మెషిన్లని పైకి, పడగ్గదుల మధ్యకి, ఇంటి నడిమిట్లోకి తెచ్చారు. సౌకర్యం నిజమే, కాదనను. కానీ నడిమిట్లోకి వచ్చేసరికి బయటి గోడ దూరమైపోయింది. గొట్టం గోడల మధ్యలోంచి, పై అంతస్తు నేల కిందనుంచి, రెండు మూడు మలుపులు తిరిగి పోవాల్సి వచ్చింది. పైగా మెషిన్ అమ్మేది ఒకరు, గొట్టం వేసేది ఇల్లు కట్టినవాళ్ళు, మెషిన్‌కీ గోడకీ మధ్య ముక్క తగిలించేది సామాను తెచ్చిన కుర్రాడో, ఇంటాయనో. ముగ్గురు వేసిన గొట్టానికి ఒక్కరు కూడా జవాబుదారీ కాదు. ఆ మధ్య ముక్కకి చవగ్గా దొరుకుతుందని తెల్లటి ప్లాస్టిక్ గొట్టం వాడేవారు. లోపల తీగచుట్టతో, ముడతలు ముడతలుగా, ఎటు వంచితే అటు వంగేది. లేదంటే పల్చటి రేకు కాగితం లాంటిది.

ఇక్కడ నూగు గురించి చెప్పాలి. నూగు మీసాలు అంటాం చూడండి, ఆ నూగే. బట్టలు దొర్లుతుంటే వాటినుంచి సన్నటి పోగులు రాలతాయి. అమెరికాలో మనవాళ్ళందరూ 'లింట్' అనే అంటారు. మెషిన్‌లో దానికో జల్లెడ ఉంటుంది, ప్రతిసారీ తీసి చేత్తో తుడిస్తే బూడిద రంగు మెత్తటి పొర ఊడొస్తుంది. అయితే జల్లెడ అంతా పట్టుకోలేదు. కొంత దాటిపోయి తడిగాలితో కలిసి గొట్టంలోకి వెళుతుంది. తడి కాబట్టి గోడలకి అంటుకుంటుంది. ముడతలున్న గొట్టమైతే ప్రతి ముడతలోనూ చేరుతుంది, మలుపుంటే మలుపులో పేరుకుంటుంది. గొట్టం సన్నబడేకొద్దీ గాలి ఆడదు, గాలి ఆడకపోతే వేడి లోపలే ఉండిపోతుంది. ఆ నూగు చాలావరకు దూదేనని మర్చిపోకండి. మనం రోజూ దీపం వెలిగించుకునే వత్తి దేంతో చేస్తాం?

మా పిన్ని కూతురు టెక్సాస్‌లో ఉంటుంది. ఒకసారి ఫోన్‌లో, "అక్కా, డ్రయ్యర్ ముసలిదైపోయింది, ఒకసారి వేస్తే ఆరట్లేదు, రెండుసార్లు తిప్పాల్సొస్తోంది" అంది. కొత్తది కొన్నారు. కొత్తదీ రెండుసార్లే! అప్పుడు గొట్టాలు శుభ్రం చేసే మనిషిని పిలిపిస్తే, గోడలోంచి సంచుల కొద్దీ నూగు, దాంతోపాటు బయటి మూతి దగ్గర పిట్ట పెట్టుకున్న గూడు బయటికొచ్చాయి. వాళ్ళు ఆ ఇల్లు కొని అప్పటికి ఏడేళ్ళు. గోడలో అలాంటిదొకటి ఉంటుందని ఇల్లు అమ్మినవాళ్ళు గానీ, చూపించిన ఏజెంటు గానీ ఒక్క ముక్క చెప్పలేదట.

ఇలాంటి ఇళ్ళు ఎన్నో ఉండబట్టే లెక్కలు అలా ఉన్నాయి. వినియోగ వస్తువుల భద్రత చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ అంచనా ప్రకారం, 1998 ఒక్క ఏడాదిలో డ్రయ్యర్లతో ముడిపడిన అగ్నిప్రమాదాలు 15,600. 20 మంది చనిపోయారు, 370 మంది గాయపడ్డారు. అదే సంస్థ 2003లో నూగు ఎలా అంటుకుంటుందో పరీక్షలు చేసి పెద్ద నివేదికే వేసింది. తర్వాత అక్కడి అగ్నిమాపక శాఖ వేరే పద్ధతిలో లెక్కేసి, 2008 నుంచి 2010 వరకు ఏడాదికి సుమారు 2,900 ఇళ్ళ ప్రమాదాలు, 5 చావులు, 100 మందికి గాయాలు అని చెప్పింది. చలికాలంలో ఎక్కువ, అందులోనూ జనవరిలో మరీ ఎక్కువ. కారణాల్లో మొదటిది, నూటికి 34 వంతులు: 'శుభ్రం చేయకపోవడం'.

ఆ రెండు మాటల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. శుభ్రం చేయకపోవడం! ఎవరు చేయకపోవడం? ఇంట్లో బట్టలు ఉతికేది ఎవరో ఆ మనిషే కదా. జల్లెడ తుడవకపోతే తప్పే, అది చేతికందేది. కానీ గోడలో ఇరవై అడుగులు పోయే గొట్టం ఆవిడ వేసింది కాదు, ఆవిడకి కనిపించదు, చెయ్యి పట్టదు, అది ఉందని ఎవరూ చెప్పనే లేదు. గదులు ఎక్కడుండాలో నిర్ణయించిన మనిషి పేరు ఆ లెక్కలో ఏ గడిలోనూ ఉండదు. నివేదిక రాసినవాళ్ళు కావాలని అన్నారని కాదు. ఇంటి పనిలో ఏది చెడినా చివరికి చీపురు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మీదకే రావడం మనకి కొత్తా!

కానీ మంచి కూడా జరిగింది. ఆ మంటల నుంచి నేర్చుకుని ఇళ్ళ కట్టుబడికి నిబంధనలు రాశారు. అవి చదివితే ఒక్కో నిబంధన వెనక ఏం జరిగి ఉంటుందో ఊహించొచ్చు. గోడలో పోయే గొట్టం లోహంతోనే ఉండాలి, లోపల నున్నగా ఉండాలి, నాలుగంగుళాల వెడల్పు ఉండాలి. ప్లాస్టిక్ పనికిరాదు. ఒక గొట్టంలోకి ఇంకో గొట్టం దూర్చేటప్పుడు గాలి పోయే వైపుకే దూర్చాలి, ఇంటికప్పు మీద పెంకులు వాన జారిపోయేలా ఒకదాని మీద ఒకటి పరుస్తాం చూడండి, అలా. ఎదురుగా దూరిస్తే అంచు దగ్గర నూగు చిక్కుకుంటుంది. అతుకు దగ్గర మర బిగిస్తే దాని మొన లోపలికి పొడుచుకు రాకూడదు, మొనకి ఒక్క పోగు చుట్టుకుంటే చాలు, మిగతావి వచ్చి చేరతాయి. అమెరికాలో చాలాచోట్ల పాటించే నియమావళి ప్రకారం మొత్తం పొడవు 35 అడుగులు దాటకూడదు, లంబకోణంలో తిరిగే మలుపు ఒక్కోదానికీ అందులోంచి 5 అడుగులు కొట్టేయాలి. అంటే మూడు మలుపులుంటే మిగిలేది ఇరవయ్యే. మెషిన్ తయారీదారు ఇంకేదైనా కొలత చెబితే దాన్ని చూసుకోవాలి.

బయటి మూతికి వల బిగించకూడదనేది నాకు మొదట వింతగా అనిపించింది. పిట్టలు, ఎలుకలు దూరవా మరి? దూరతాయి. కానీ వలకి త్వరగా నూగు పట్టి దుప్పటి కప్పినట్టు మూసుకుపోతుంది. అందుకే వల బదులు రెప్ప పెట్టమన్నారు, గాలి తోస్తే తెరుచుకుంటుంది, ఆగితే వాలిపోతుంది. మెషిన్ నడుస్తున్నప్పుడు ఒకసారి బయటికెళ్ళి చూడండి. రెప్ప లేచి వెచ్చటి గాలి జోరుగా వస్తుంటే సరే. లేవకపోయినా, బట్టలు ఆరడానికి మునుపటికంటే ఎక్కువసేపు పడుతున్నా, మెషిన్ పైభాగం చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతున్నా గొట్టం మూసుకుంటోందని అర్థం. గ్యాస్ డ్రయ్యరైతే ఇంకో ప్రమాదం కూడా ఉంది. దాని మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ కూడా ఆ గొట్టంలోంచే పోవాలి. అది వాసన రాదు, కంటికి కనిపించదు. ఆ గొట్టాన్ని అటకలోకో, గరాజ్‌లోకో వదిలేసిన ఇల్లయితే తడి, నూగు, ఆ విషవాయువు అన్నీ ఇంట్లో ఉన్నట్టే.

గొట్టమే లేకుండా చేస్తే పోలా అని యూరప్‌వాళ్ళు అనుకున్నారు. ఆవిరిని మెషిన్‌లోనే చల్లార్చి నీళ్ళు చేసి ఒక తొట్టిలోకి పట్టే రకాలు వచ్చాయి. తర్వాత ఫ్రిజ్ పనిచేసే పద్ధతిలోనే నడిచే హీట్ పంప్ రకం వచ్చింది, దానికి కరెంటు దాదాపు సగమే చాలు. 2012 నుంచి స్విట్జర్లాండ్‌లో కొత్తగా అమ్మే ఇంటి డ్రయ్యర్లన్నీ ఆ రకమే ఉండాలన్నారు. అలాగని గొట్టం పోతే నూగు పోదు. లండన్‌లో షెపర్డ్స్ బుష్ దగ్గర 18 అంతస్తుల భవనంలో 2016 ఆగస్టులో ఒక ఫ్లాట్‌లోని డ్రయ్యర్ నుంచి మంటలు లేచి పై అంతస్తులకి పాకాయి. లోపల రాలిన నూగు వేడి తీగ మీద పడటమే ఆ రకం మెషిన్లలో ఉన్న లోపం. అది అంతకు ముందు ఏడాదే బయటపడింది, బాగుచేయించుకునే వరుసలో లక్షల ఇళ్ళు ఉన్నాయి. అప్పటిదాకా పక్కనే ఉండి వాడుకోండన్నారు. మెషిన్లని వెనక్కి తీసుకోవడం 2019లో గానీ మొదలవలేదు.

మన హైదరాబాద్, విజయవాడ ఫ్లాట్లలో ఇప్పుడు రెండు రకాలూ కనిపిస్తున్నాయి. ఉతికి ఆరబెట్టే రెండు పనులూ చేసే మెషిన్ అయితే సాధారణంగా ఆవిరిని నీళ్ళు చేసి తూములోకే పంపుతుంది, గొట్టం అక్కర్లేదు. విడిగా కొనే చిన్న డ్రయ్యర్లు కొన్ని మాత్రం వేడి తడిగాలిని బయటికి ఊదేవే. కొనేటప్పుడు దుకాణంలో ఆ ఒక్క ప్రశ్న అడగండి. గాలి ఊదేదైతే, గొట్టం యుటిలిటీ బాల్కనీ గ్రిల్‌లోంచి బయటికే పోవాలి. అక్కడే వాషింగ్ మెషిన్, సిలిండర్, చీపుర్లు, పాత పేపర్ల కట్టలు అన్నీ కుక్కి, అద్దాలు బిగించేసిన బాల్కనీ అయితే ఆ మెషిన్ వద్దనే అంటాను నేను.

చివరగా కానుపులకి వెళ్ళే అమ్మలకి ఒక మాట, ఇది ఏ అమెరికా ఆవిడా మనకోసం రాసిపెట్టదు. పసిబిడ్డకి నూనె రాసి, నలుగు పెట్టి, కాళ్ళ మీద వేసుకుని స్నానం చేయిస్తాం. బాలింతకీ ఒళ్ళంతా నూనె పట్టిస్తాం. ఆ తువ్వాళ్ళూ పాత గుడ్డలూ మెషిన్‌లో వేసి, తర్వాత డ్రయ్యర్‌లో పడేస్తాం. నూనె అనే మాటే నువ్వుల నెయ్యి నుంచి వచ్చిందని డిగ్రీలో చదువుకున్నాం. ఆ నువ్వుల నూనెతోనే చిక్కు. గుడ్డకి పట్టిన నూనె ఒక్క ఉతుకులో పూర్తిగా పోదు. మిగిలింది గాలితో కలిసి మెల్లగా మారుతూ తనంతట తనే వేడి పుట్టిస్తుంది. దండెం మీద ఆ వేడి గాలికి పోతుంది. డ్రయ్యర్‌లో కాగిన గుడ్డల్ని అలాగే కుప్పగా వదిలేస్తే బయటికి పోయే దారి లేక పెరుగుతూ పోతుంది, మెషిన్ ఆగిన కొన్ని గంటలకి కూడా, నిప్పు తగలకుండానే, అంటుకోవచ్చు. కొబ్బరి నూనెకి ఈ గుణం తక్కువ, అయినా దాన్నీ నమ్ముకోవద్దు. డ్రయ్యర్ల మాన్యువల్స్‌లో వంటనూనె అంటిన గుడ్డల గురించి హెచ్చరిక ఉండనే ఉంటుంది, మన నలుగు గుడ్డల సంగతి వాళ్ళకేం తెలుసు?

ఆ తువ్వాళ్ళని విడిగా పెట్టి, వేడినీళ్ళలో సబ్బు ఎక్కువ వేసి ఉతికి, బాత్రూమ్ కడ్డీ మీదో, మడత స్టాండు మీదో విడివిడిగా ఆరేయండి. మిగతా బట్టలు డ్రయ్యర్‌లో వేసినప్పుడు కూడా మధ్యలో ఆపి వెళ్ళిపోవద్దు. చివరి కొద్ది నిమిషాలు అది వేడి లేకుండా ఉత్త గాలితో తిరుగుతుంది, బట్టలు చల్లబడటానికే. తొందరై మధ్యలో ఆపాల్సి వస్తే, బట్టలన్నీ వెంటనే తీసి మంచం మీద పరిచేయండి, కుప్పగా బుట్టలో వేసి మూత పెట్టొద్దు.